ఎడమ పక్క లేసు

కోపంగా ఉన్న మనిషి లేసు సూది పట్టకూడదు. మొరాకోలోని మా సఫ్రూ ఊళ్ళో ఈ మాట తెలియని ఆడది లేదు. పొద్దున్నే మొగుడితో మాటా మాటా అనుకున్న మనిషి ముందు ఒక గ్లాసు పుదీనా టీ తాగి, ఆ తిట్లేవో పొరుగామె దగ్గర వెళ్ళగక్కి, బిస్మిల్లా అనుకున్నాకే దారం అందుకుంటుంది. పెళ్ళిబట్టలు కుట్టే మా వీధి తామూ అయితే ఈ మాట ఎంతమంది ఆడపిల్లలకి చెప్పిందో లెక్కే లేదు. లేసు నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల ముఖం ముడుచుకుని కనిపిస్తే, పోయి ఏడ్చి రావే అని గుమ్మంలోంచే తిప్పి పంపేది. అలాంటి మనిషి ఆ ఏడాది చలికాలమంతా కడుపులో కుంపటి పెట్టుకుని కన్నకూతురి కఫ్తానుకి, అదే పాదాల దాకా ఉండే పెళ్ళి అంగీకి, లేసు అల్లింది. ఏం చేస్తాం, నీతులు చెప్పేవాళ్ళకి నీతులు చెప్పేవాళ్ళుండరు.

ఆ కుంపటి పేరు రఖియా. ఎదురిల్లు.

కూతురు ఇల్హామ్ పుట్టినప్పుడు తామూకి జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. రఖియా అప్పుడు తన మూడో కొడుక్కి పాలిస్తోంది. ఒక రొమ్ము వాడికి, ఒక రొమ్ము దీనికి అని పంచి, తామూ బిడ్డని బతికించింది. మాలో పాలిచ్చినావిడ తల్లి కిందే లెక్క. ఆవిడ కొడుకులు ఆ పిల్లకి అన్నలే, పెళ్ళి మాటే రాకూడదు. ఇల్హామ్ కూడా మాటలొచ్చినప్పటి నుంచీ ఇద్దరినీ అమ్మా అనే పిలిచింది. తామూ పైకి నవ్వేది. పిల్ల ఎక్కడో పడి మోకాలు చీరుకుని, ఏడుస్తూ ఎదురింట్లోకి పరుగెత్తినప్పుడు మాత్రం ఆమె గుండెలో చురుక్కుమనేది.

లేసు పనిలో ఈ ఇద్దరూ మా వీధికి పెట్టింది పేరు. కఫ్తాను ముందు భాగం, పక్క భాగం కలిసే చోట మేం కుట్టు వెయ్యం. భుజం నుంచి పాదం దాకా రెండు వేళ్ళ సందు వదిలి, ఆ సందుని పట్టుదారంతో, ముడి మీద ముడి వేస్తూ సూదితో అల్లి నింపుతాం. రెండు గుడ్డల్నీ పట్టి ఉంచేది ఆ లేసే. కుడివైపు ఒక పట్టీ, ఎడమవైపు ఒక పట్టీ. పెళ్ళి దగ్గర పడితే అది ఒక్క మనిషి వల్ల తెమిలే పని కాదు, ఇద్దరు చెరో పక్కా పంచుకుంటారు. అలా పంచుకోవాలంటే ఇద్దరి చేతుల బిగువూ ఒకటై ఉండాలి. తామూ చెయ్యీ రఖియా చెయ్యీ కవలలనేవారు. ఏ పక్క ఎవరిదో ఫెజ్ నుంచి వచ్చిన దర్జీలు కూడా పోల్చలేకపోయేవారు.

మరి ఇంత స్నేహం ఎక్కడ చెడింది? అంతకు ముందేడు ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో ఇల్హామ్‌కి బడిపంతులు కుర్రాడొకడు నచ్చాడు. ఆ సంగతి పిల్ల ముందు రఖియాకి చెప్పుకుంది. రఖియా మంచి మాటగా వచ్చి తామూ చెవిన వేసింది. కుర్రాడి మీద తామూకి ఏ పేచీ లేదు, వాళ్ళది పరువైన కుటుంబం. పేచీ అంతా కబురు వచ్చిన దారి మీదే. కన్నది నేనైతే ముందు తెలిసింది దానికా అని ఆమె రగిలిపోయింది. కూతుర్ని అనలేదు, అంటే ఎక్కడ దూరమవుతుందోనని భయం. ఆ కసంతా రఖియా మీదకి మళ్ళింది. పిల్లని మందు పెట్టి తిప్పుకున్నావని ఒకరోజు వీధిలోనే అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆనాటి నుంచి ఆ రెండు గుమ్మాల మధ్య సలాం కూడా లేదు.

మధ్యలో నలిగింది పిల్ల. పెళ్ళి రోజు ఖాయమై, దానికి ముందు వచ్చే గోరింటాకు రోజున వేసుకునే ఆకుపచ్చ పట్టు కఫ్తానుని తామూ కత్తిరించిన రోజున ఇల్హామ్ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒక పక్క నువ్వు అల్లమ్మా. ఒక పక్క రఖియమ్మ అల్లాలి. కాదంటావా, గోరింటాకు రోజు నేను అద్దె కఫ్తాను వేసుకుంటా."

పెళ్ళిబట్టలు కుట్టే ఇంట్లో పిల్లకి అద్దె బట్ట! తామూకి తల తీసేసినట్టయింది. మింగలేక కక్కలేక సరేనంది. కుడి పక్క గుడ్డలు ఇల్హామే పట్టుకెళ్ళి ఎదురింట్లో ఇచ్చి వచ్చింది.

ఇక చలికాలం మొదలు. తామూ కిటికీ దగ్గర కూర్చుంటే ఎదుటి కిటికీలో రఖియా కనిపించేది. ఒళ్ళో అదే ఆకుపచ్చ గుడ్డ. రఖియా పని చేసుకుంటూ కూనిరాగం తీసేది. అది తామూకి పుండు మీద కారం చల్లినట్టుండేది. పాడుకుంటోంది చూడు, నా బిడ్డ పెళ్ళి దానిదైనట్టు పాడుకుంటోంది అనుకుంటూ దారం లాగేది. పిల్ల మోకాలు చీరుకున్న రోజు గుర్తొచ్చేది, ఒక ముడి. బడిపంతులు కబురు గుర్తొచ్చేది, ఇంకో ముడి. టీ చల్లారిపోయేది. బిస్మిల్లా అనేది కానీ పెదాలతోనే.

లేసు అల్లేటప్పుడు గుడ్డ అంచులు రెండూ దళసరి కాగితం మీద కచ్చా కుట్లతో బిగిస్తారు. ఆ కాగితం ఉన్నంతసేపూ ఎవరి పనైనా తిన్నగానే కనిపిస్తుంది. కాగితం ఊడదీశాకే లేసు అసలు గుణం బయటపడుతుంది. రఖియా తన పక్కని కాగితం తీసేసి, ఇస్త్రీ చేసి పంపింది. తామూ తన పక్క కాగితం ఉంచేసే భుజాలూ వీపూ కలిపి కుట్టింది. పట్టు మాసిపోతుందని పైకి చెప్పుకుంది. నిజానికి ఆ లేసుని మళ్ళీ చేత్తో పట్టుకోవాలంటేనే ఆమెకి మనసొప్పలేదు.

గోరింటాకు రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం కాకముందే పెళ్ళికొడుకు వాళ్ళు కానుకలు తెచ్చారు. డప్పుల మోత వీధి మొదట్లో వినపడేసరికి తామూ గబగబా కాగితం చింపి లాగేసి, తడిగుడ్డ వేసి ఒక్కసారి ఇస్త్రీ పెట్టె ఆడించింది. పంచదార గోపురాలూ, ఖర్జూరాలూ, పాలూ, గోరింటాకూ పళ్ళేలకెత్తుకుని ఆడవాళ్ళంతా లోపలి వాకిట్లోకి వచ్చేశారు. పెళ్ళికొడుకు తల్లి లల్లా బహీజా నడుమ కూర్చుంది. ఆవిడ మాట తక్కువ, చూపు ఎక్కువ. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే హద్దూమ్ తన పెట్టెలు సర్దుకుంటోంది. రఖియా ఇల్హామ్ పిలిస్తే వచ్చి, గుమ్మం పక్కన కూర్చుంది. తామూ ఆమెకి టీ పంపించింది కానీ తను ఇవ్వలేదు.

ఊరుకున్నా బాగుండేది. సాయంత్రం దాకా ఆగితే ఎవరి కంటా పడకముందే విషయం తెలిసిపోయేది. కానీ వియ్యపురాలి ముందు తన పనితనం చూపించుకోవాలన్న దుగ్ధ తామూని నిలవనీయలేదు. ఒక్కసారి వేసుకుని రావే, మీ అత్తగారు చూస్తారని కూతుర్ని లోపలికి తోసింది.

ఇల్హామ్ కఫ్తానులో వచ్చి వాకిట్లో నిలబడింది. మెచ్చుకోలుగా లేవబోయిన గొంతులు మధ్యలోనే ఆగిపోయాయి. కఫ్తాను ఒక పక్కకి ఎక్కి ఉంది. కుడివైపు అంచు పాదాన్ని ముట్టుకుంటుంటే, ఎడమవైపు వేలెడెత్తు పైకి పోయి చీలమండ కనిపిస్తోంది. ముందు గుండీల వరస సైతం నడుం దగ్గర వంకర తిరిగింది. హద్దూమ్ కిందకి వంగి అంచు లాగి చూసి, పెదవి విరిచింది. ఎవరో మేనత్త వరసావిడ, కింద మడిచి కుట్టేస్తే పోదూ అంది.

తామూ చెవుల్లో హోరు. పరువు పోయింది, ఎవరి ముందు పోకూడదో వాళ్ళ ముందే పోయింది. ఆమె ఆలోచించలేదు. ఏడాదిగా నాలిక చివరే ఉన్న మాట తన్నుకుంటూ బయటికి వచ్చింది.

"మడతతో పోయేది కాదిది. ఆ కుడి పక్క నేను అల్లింది కాదు. చెయ్యి కావాలనే వదులు చేసి అల్లారు, అందుకే అలా వేలాడుతోంది. అల్లినావిడ అదిగో, గుమ్మం దగ్గర కూర్చుంది. అడగండి."

అందరి తలలూ అటు తిరిగాయి. రఖియా టీ గ్లాసు కింద పెట్టింది. కఫ్తాను వైపు కింది నుంచి పైదాకా నెమ్మదిగా చూసింది. ఎడమ పక్క దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది. తర్వాత కళ్ళు దించుకుని, "అయ్యుండొచ్చు. పెద్దదాన్నయ్యాను" అంది, అంతే.

లల్లా బహీజా అప్పుడు నోరు విప్పింది. "చూడండి వదినగారూ, చెయ్యి జారితే తప్పు లేదు. కావాలని చేశారంటున్నారు మీరు. ఓర్వలేని చెయ్యి అల్లిన దారం కట్టుకుని నా కోడలు నా గడప తొక్కకూడదు. ఆ లేసు తీయించెయ్యండి."

ఇల్హామ్ ముఖం పాలిపోయింది. "ఆ పక్క తీస్తే నేనిది వేసుకోను" అని తల్లితోనే చెప్పి, లోపలికి వెళ్ళి కఫ్తాను విప్పి తల్లి చేతిలో పెట్టింది. హద్దూమ్ ఏమీ ఎరగనట్టు తన పెట్టెలోంచి అద్దె కఫ్తానొకటి తీసి దులపసాగింది. దానికి మిషను లేసు, తళతళా మెరిసే రకం. తామూ ముఖం తిప్పుకుంది.

ఆమె కఫ్తానూ కత్తెరా పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. మంచం మీద బట్ట పరిచింది. కోసెయ్యాలి, ఆ సందులో గుడ్డపట్టీ పెట్టి కుట్టాలి. పిల్ల అలుగుతుంది. అలిగితే అలగనీ, రేపు పిల్లాజెల్లా పుడితే అమ్మే గుర్తొస్తుంది. ఇలా తనకి తనే సర్ది చెప్పుకుంటూ కుడి లేసు మీద అరచేయి వేసి చదును చేసింది.

చదును చెయ్యడానికి అక్కడేం లేదు. లేసు మంచానికి అతుక్కుని పడుకుని ఉంది. దాని రెండు పక్కలా పట్టు ఒక్క ముడత లేకుండా సాఫీగా ఉంది. తామూ చెయ్యి ఆగింది. ఎడమ పక్క మీద వేసింది. అక్కడ గుడ్డ సన్నసన్నగా కుచ్చులు పడి ఉంది, లేసు దాన్ని పీకి పట్టుకుని ఉంది. వేళ్ళతో లాగితే లేసు సాగలేదు, గట్టి తాడులా నిలబడింది. కఫ్తానుని నడిమికి మడిచి సగం మీద సగం పెట్టింది. గుడ్డకి గుడ్డ సరిపోయింది. పొట్టిగా ఉన్నది తన లేసే.

ఆమె మంచం అంచున కూలబడింది. చలికాలం నాటి ఒక్కొక్క ముడీ గుర్తొచ్చింది. ఒక్కో ముడికి వెంట్రుకవాసి బిగువు ఎక్కినా భుజం నుంచి పాదం దాకా వేలెడు తినేస్తుంది, ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నలుగురిలో రఖియాని ఓర్వలేనిదాన్ని చేసింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

సిగ్గు వెనకాలే ఇంకో బుద్ధి వచ్చింది. చూసిందెవరు? కుడి పక్క కోసేసి, గుడ్డపట్టీని తన లేసుకి సరిపడా పొట్టి చేసి కుడితే అంచు సమంగానే వస్తుంది. మాట దక్కుతుంది. వియ్యపురాలి ముందు తల ఎత్తుకోవచ్చు. ఆమె కత్తెర తీసి మొన కుడి లేసు మొదట్లో ఆనించింది కూడా. బయట నుంచి ఎవరో, అయిందా తామూ అని కేక వేశారు. అవుతోంది అంది. చెయ్యి మాత్రం కదల్లేదు.

అప్పుడు తలుపు తోసుకుని రఖియా వచ్చింది. తలుపు మళ్ళీ దగ్గరగా వేసింది.

"కోసెయ్యవే. ఎంతసేపు?" అంది. "పిల్ల అద్దెది వేసుకుంటానని మొండికేస్తోంది. నేను చెబుతాలే దానికి, నేనే తియ్యమన్నానని. నా మాట వింటుంది."

నా మాట వింటుంది. ఆ ముక్క తామూ గుండెలో సరిగ్గా ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. ఆమె తలెత్తి రఖియా కళ్ళలోకి చూసింది, చూశాక అర్థమైంది.

"నీకు తెలుసు. ఏ పక్క తప్పో నీకు తెలుసు."

"తెలుసు. వాకిట్లోనే చూశా."

"మరి నోరు కుట్టేసుకున్నావేం?"

"ఏం మాట్లాడను? వియ్యపురాలి ముందు తల్లి చెయ్యే తప్పిందంటే, రేపటి నుంచి పిల్ల ఆ ఇంట్లో ఏం కుట్టినా, ఏం వండినా, తల్లి పోలికని దెప్పుతారు. నాదైతే ఏముంది, పొరుగుదాన్ని. నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు."

ఇది విని తామూ కరిగిపోయి ఆమెని కౌగిలించుకుని ఏడ్చిందని చెబితే వినడానికి బాగుంటుంది. అలా జరగలేదు. తామూకి ఒళ్ళు మండిపోయింది. పాలిచ్చింది చాలదు, కబురు మోసింది చాలదు, ఇప్పుడు తామూ తప్పు కూడా తనే మోస్తుందట. ఈ మనిషికి ఎంతకని బాకీ పడాలి?

"నీ దయ నాకక్కర్లేదు" అంది పళ్ళు బిగించి. కఫ్తానుని సర్రున తనవైపు తిప్పుకుని, కత్తెరని ఎడమ లేసులో దింపింది.

రఖియా అయ్యో అని చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే భుజం దగ్గర తెగిపోయింది. తామూ ఆగలేదు. పట్టుకి గాటు పడకుండా అంచు వెంబడే, ఒక పక్క, తర్వాత ఇంకో పక్క కోసుకుంటూ పాదం దాకా వచ్చింది. చలికాలమంతా అల్లింది పచ్చగా, పొడుగ్గా నేల మీద పడింది. లేసు పోగానే ఆ కుచ్చులన్నీ వదిలి పట్టు నిటారుగా జారింది. తామూ దాన్ని చూసి, అప్పుడు ఏడ్చింది. కూతురి ఒంటి మీద తన చేతిపని ఉండదు, ఎదురింటిదానిది ఉంటుంది. అందుకు ఏడ్చింది. ఆ మాటే పైకి అంది కూడా.

రఖియా ఓదార్చలేదు. గదంతా వెతికి, కత్తిరింపుల్లో మిగిలిన పచ్చ పట్టు పొడుగాటి ముక్క తెచ్చింది. "ముక్కు తుడుచుకో, పట్టు మీద పడితే మరక" అంటూ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. తామూ పైనుంచి కుట్టుకొస్తుంటే రఖియా గుడ్డ బిగువుగా పట్టుకుంది. మధ్యలో రెండుసార్లు తామూ వేళ్ళ మీద తట్టి, లాగకు అంది. తామూ దారం వదులు చేసింది. కుట్టు ముగిశాక రఖియా వెళ్ళి మళ్ళీ గుమ్మం పక్కన కూర్చుంది.

వాకిట్లోకి కఫ్తాను పట్టుకొచ్చి తామూ అందరికీ కనపడేలా పైకెత్తింది. కుడివైపు లేసు, ఎడమవైపు బోడి గుడ్డ. లల్లా బహీజా కనుబొమలు ముడుచుకున్నాయి. తియ్యమన్నది ఇంకో పక్క కదా అంది.

"తప్పున్న పక్కే తీశాను వదినగారూ. ఆవిడ చెయ్యి వదులు కాలేదు, నా చెయ్యే బిగిసింది. ఆవిడ పిల్లకి పాలిచ్చిందని ఇన్నేళ్ళూ నేను ఓర్చుకోలేకపోయాను. ఓర్వలేని చెయ్యి నాదే. మీరు వద్దన్న దారం కోసి పడేశాను, ఉన్నది మంచి చేతి దారం."

తామూ భయపడింది, ఇప్పుడు కానుకలు వెనక్కి తీసుకుపోతారేమో, పిల్ల బతుకు తన నోటివల్ల పాడైపోతుందేమోనని. బహీజా లేచి దగ్గరికి వచ్చింది. కుడి లేసు మీద బొటనవేలు రాసి చూసింది. ఎడమ పక్క కొత్త కుట్టు చూసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, అక్కడ కూర్చున్నారేం, పాలిచ్చిన తల్లి చోటు ఇటు కదా అని రఖియాని తన పక్కకి పిలిచింది. తామూతో మాత్రం ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు. అది న్యాయమే అనుకుంది తామూ.

సాయంత్రం ఇల్హామ్‌ని ముస్తాబు చెయ్యడానికి వెనక గదిలోకి తెచ్చారు. పిల్ల తనతో మాట్లాడుతుందో లేదోనని తామూ గోడ వైపు తిరిగి గుండీలు సరిచూస్తున్నట్టు నటిస్తోంది. ఇల్హామ్ కఫ్తాను అందుకుని తొడుక్కుంది, అంచు రెండు పక్కలా సమంగా నేల తాకింది. తర్వాత వంగి నేల మీదున్న కోసేసిన లేసుని తీసి దులిపింది. ముడులు వేసిన లేసు కదా, ఎక్కడా ఊడిపోలేదు. ఎడమ చేతి మీద కఫ్తాను పైకి తోసి, మోచేతి పైన చుట్టలు చుట్టుకుని, చెయ్యి తల్లి ముందు చాచింది.

"కట్టు."

"పారెయ్యవే దాన్ని. కోపంతో అల్లింది."

"కోపంతోనే అల్లావు. ఆ కోపం నాకోసమే కదా. కట్టమ్మా, కఫ్తాను కిందకి లాగితే ఎవరికీ కనపడదు."

తామూ కళ్ళు మసకబారాయి. చివరలు రెండూ వెతుక్కుని ముడి వేసింది.

"అంత బిగించకు" అంది ఇల్హామ్.

తామూ ముడి విప్పి, కాస్త వదులు చేసి మళ్ళీ కట్టింది.